తువ్వాలు కింద మారకం

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనం చేసి నడుం వాలుద్దామనుకుంటుంటే కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ఏసుపాదం. తల ముగ్గుబుట్టయిపోయింది. భుజం మీద తువ్వాలు, చంకలో గోనెపట్టాలో చుట్టిన పొట్టి వస్తువేదో. మూడంతస్తులు ఎక్కిన ఆయాసం తీరకుండానే నవ్వి, "బావున్నారాండి సత్తిబాబు గారూ? మన మారకం వెనక్కి తిప్పుకుందామని వచ్చానండి" అన్నాడు. ఇన్నేళ్ళకి గడపలోకొచ్చిన మనిషిని కూర్చోమని మంచినీళ్ళివ్వాల్సింది పోయి, నేను ముందు చేసిన పని ఏంటంటే, హాల్లో గోడకి వేలాడుతున్న ఎర్ర బేస్ గిటార్ వంక ఒకసారి చూసుకోవడం. ఊరక రారు మహానుభావులు! ఇదిప్పుడు దొరకని రకమని, జపాన్‌లో తయారైన పాతవాటికి గిరాకీ ఉందని ఎవడో చెప్పుంటాడు, అందుకే ఎగేసుకుంటూ వచ్చాడని అప్పటికప్పుడే తీర్మానించేశాను.

నాది అనుమానపు పుటక. మా ఆవిడ ఆ మాటంటే కోపమొస్తుంది గానీ, ఇక్కడ ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. అది నాకు వంశపారంపర్యంగా వచ్చింది. మా నాన్న వీర్రాజు సంతల్లో పశువుల బేరాలు కుదిర్చేవాడు. రాజమండ్రికి దగ్గర్లోనే, కాలవ గట్టు మీద మా ఊరు. ఇంట్లోకి అడుగుపెడితే ముందు నానిన పత్తిగింజల వాసన కొట్టేది, దాని వెనక తవుడు వాసన, దాని వెనక నాన్న చుట్ట. పెరట్లో దాలిగుంటలో పిడకల సెగ మీద పొద్దున్నించీ పాలు కాగుతూ ఉండేవి. ఎర్రగా, అరచెయ్యి మందాన మీగడ కట్టేవి. మా మామ్మ ఆ దాలికి కాపలా. పిల్లి మీద అనుమానం, కోడలి మీద అనుమానం, మా మీద మరీను. ఇక నాన్న సంగతి చెప్పక్కర్లేదు. వంకాయ కొన్నా ముచ్చిక ఎత్తి చూసేవాడు. బస్సెక్కే ముందు చుట్టూ తిరిగి టైర్లు చూసొచ్చేవాడు. కండక్టర్ కేకలేస్తే, "ఆగవయ్యా, ఎక్కేది మేం కదా" అనేవాడు. అమ్మేవాడు నవ్వుతుంటే కొనకూడదన్నది ఆయన సిద్ధాంతం.

పశువుల బేరంలో ఎన్ని మాయలున్నాయో నాకు పలకా బలపం పట్టకముందే తెలుసు. గేదెని సంతకి తోలే ముందు ఒక పూట పాలు పితక్కుండా ఆపేస్తారు. పొదుగు నిండుగా కుండలా కనిపిస్తుంది, కొన్నవాడు ఇంటికి తోలుకెళ్ళి మర్నాడు తల పట్టుకుంటాడు. అందుకే మా వైపు వరసగా రెండు పూటలు పాలు పితికించి చూడందే ఎవరూ చెయ్యి కలపరు. ఆ చెయ్యి కలపడం కూడా అందరికీ కనపడేది కాదు. తువ్వాలు పరిచి, దాని కింద బేరగాడి చెయ్యీ అమ్మేవాడి చెయ్యీ పట్టుకుని, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారు. పైకి ఒక్క మాట ఉండదు. చుట్టూ మూగిన జనానికి తువ్వాలు కదలడం తప్ప ఇంకేం తెలీదు. నాన్నది ఇంకో ప్రత్యేకత. అమ్మకానికి ఒక చెయ్యి చాలు, ఎద్దుకి ఎద్దు మార్చుకునే మారకానికైతే రెండు చేతులూ తువ్వాలు కిందకి రావాలనేవాడు. కుడిచేత్తో నీ పశువు ధర, ఎడంచేత్తో అవతలివాడి పశువు ధర. మిగతా బేరగాళ్ళు అలా చేసేవారో లేదో నాకు తెలీదు, మా నాన్న మాత్రం చేసేవాడు. తువ్వాలు కింద చెప్పుకున్నది తువ్వాలు కిందే ఉండిపోవాలి. పైకి చెప్పినవాడికి సంతలో మళ్ళీ చెయ్యిచ్చేవాడుండడు.

ఇలాంటి ఇంట్లో పుట్టి నేను బేస్ గిటార్ పట్టుకున్నాను. డిగ్రీ తప్పి, రాజమండ్రిలో ఒక ఆర్కెస్ట్రాలో చేరాను. పెళ్ళిళ్ళూ, తీర్థాలూ, చవితి పందిళ్ళూ. నా గిటార్ కలకత్తా సరుకు, ఎన్ని చేతులు మారి వచ్చిందో. మెడ పొట్టి, దాని మీద తీగ నొక్కే మెట్లు దగ్గర దగ్గరగా ఉండేవి. పక్కన నిలబడ్డ కీబోర్డ్ కుర్రాడు దాన్ని "పొట్టిది" అనేవాడు, ఆ పేరే ఖాయమైపోయింది. కీబోర్డులు కొత్తగా దిగుతున్న రోజులవి. ఆ పెట్టెలో తబలా ఉంది, వయొలిన్లున్నాయి, నా ఖర్మకొద్దీ బేస్ కూడా ఉంది. అప్పటికే తబలా ఆయన ఇంటికెళ్ళిపోయాడు. ఒకరోజు రిహార్సల్ అయ్యాక మా మేస్టారు నన్ను పక్కకి పిలిచారు. ఆయన ఆర్కెస్ట్రా యజమాని, ఎవర్నీ మొహం మీద పొమ్మనే మనిషి కాదు, పొమ్మనలేక పొగబెట్టే రకం.

"ఏం లేదు సత్తిబాబూ, నీ పొట్టిది ఒకటే డుబ్బుడుబ్బుమంటోందయ్యా. పాట మునిగిపోతోంది. శ్రావణం పెళ్ళిళ్ళలోపు ఏదైనా మంచిది చూసుకో. లేకపోతే కీబోర్డ్ మీదే లాగించేద్దాం" అన్నారు.

లాగించేద్దాం అంటే నువ్వు రానక్కర్లేదని. నాకొచ్చిన పని అదొక్కటే. ఆ రాత్రి అన్నం సహించలేదు.

సరిగ్గా అప్పుడే దిగాడండీ ఏసుపాదం. ఆయనది గోదావరి లంక. పగలు రైస్ మిల్లులో పని, ఆదివారాలు చర్చిలో బేస్ గిటార్. చర్చికొచ్చిన విదేశీ అతిథి ఎవరో వెళ్తూ వెళ్తూ ఇచ్చేసిన జపాన్ గిటార్ ఆయన దగ్గరుందని ఈ చుట్టుపక్కల వాయించే వాళ్ళందరికీ తెలుసు. పొడుగాటి మెడ, పండిన మిరపకాయ రంగు. ఒకటి రెండు మీటింగుల్లో దూరంనించి విని గుటకలు మింగాను. అలాంటి గిటార్ ఉన్న మనిషి ఒక సాయంత్రం సైకిల్ మీద మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, "మీ పొట్టిది నాకిచ్చి ఈ ఎర్రది తీసుకుంటారాండి?" అని అడిగాడు. పైన ఏమైనా ఇవ్వాలా అంటే, "అబ్బే, ఏమొద్దండి" అన్నాడు.

మీరైతే ఎగిరి గంతేసేవారు. నాకు మాత్రం ఒళ్ళంతా చెవులైపోయాయి. పాడిగేదెనిచ్చి ముసలెద్దుని తోలుకుపోతానంటే ఎవడైనా నమ్ముతాడా? ఎందుకండీ మారుస్తున్నారంటే, పొడుగుది భుజం లాగేస్తోందండి అన్నాడు. సరే. మర్నాడు మేస్టారితో అంటే, "అదేంటి, ఎరుపు రంగు చర్చిలో పెద్దవాళ్ళకి నచ్చట్లేదని కదా నాతో అన్నాడు" అన్నారు. మా మామ్మ కూపీ లాగితే, సైకిల్ మీద పొడుగుది పట్టట్లేదండి మామ్మగారూ అని చెప్పాడట. నిజానికి ఒక కారణం చాలు. మూడు చెప్పాడంటే మూడూ అబద్ధాలే. మామ్మ అయితే తేల్చేసింది.

"పైన పటారం లోన లొటారం! అందులో ఏదో ఉంది. రెండు పూటలు మనింట్లో కట్టేసి చూడరా."

గిటార్‌ని రెండు పూటలు వదిలి వెళ్ళమన్నాను. దానిదేముందండీ అని అక్కడే వదిలేసి వెళ్ళాడు. బతిమాలించుకోకుండా వదిలేశాడే అని నాకు అదొక గుబులు. వెళ్ళే ముందు వాయించి చూపించమంటే, అరుగు చివర చీకటిగా ఉన్న మూల కూర్చుని రెండు మూడు వరసలు వాయించాడు. నా కళ్ళు మెట్ల మీదా తీగల మీదా ఉన్నాయి. కొన్ని స్వరాల మీదకి వెళ్ళకుండా దాటేస్తున్నాడని కనిపెట్టేశాను. దొరికాడు! ఆ మెట్ల దగ్గర ఏదో తేడా ఉంది, అక్కడ మోగదు. ఆయన అలా వెళ్ళగానే ఒక్కో మెట్టూ నొక్కి చూశాను. గంటలా మోగాయి, ఒక్కటీ తప్పు పలకలేదు. చెక్క వంగిందేమోనని నూలుదారం పట్టి చూశాను, వంగలేదు. మామ్మ మట్టికుండని కొట్టినట్టు వేలి గణుపులతో కొట్టి, చెవి ఆనించి వింది. దిష్టి ఉందేమోనని నిమ్మకాయ కూడా తిప్పింది. ఏం దొరకలేదు. దొరికుంటే హాయిగా తిప్పి పంపేసేవాణ్ణి. దొరక్కపోయేసరికి మొదటి మెట్టునించీ మళ్ళీ నొక్కి చూశాను. పొట్టిది చెయ్యి జారాక దీని జబ్బు బయటపడితే? అటు పొట్టిదీ పోయి, ఇటు ఇదీ మూలపడి, మేస్టారి గుమ్మం దగ్గర ఖాళీ చేతులతో నిలబడాలి.

ఇవ్వనా మాననా అని నేను నలిగిపోతుంటే, మామ్మే నాన్న మీద విరుచుకుపడింది. "ఊళ్ళోవాళ్ళ బేరాలన్నీ కుదురుస్తావు, కన్నకొడుకు బేరం నీకు పట్టదేంట్రా వీర్రాజూ?" నాన్నకి నా గిటార్లంటే పెద్ద గౌరవం లేదు. తంబూరా అనేవాడు దాన్ని. అయినా, "సరే, రమ్మను. మనిషి చెయ్యి పట్టుకుంటే తెలిసిపోద్ది" అన్నాడు.

ఏసుపాదం వచ్చాడు. సాయంత్రం ఎండ వాలుతోంది, పెరట్లోంచి దాలి పొగ అరుగు మీదకి వస్తోంది. నాన్న చుట్ట నోట్లో పెట్టుకుని, తువ్వాలు దులిపి ఇద్దరి మధ్యా పరిచాడు. ఏసుపాదం కుడిచెయ్యి తువ్వాలు కింద పెట్టాడు.

"అమ్మకం కాదండి ఇది, మారకం. రెండోది కూడా ఇవ్వండి" అన్నాడు నాన్న.

ఏసుపాదం మొహంలో నెత్తురు చుక్క లేదు. నా వంక చూశాడు, వీధి వంక చూశాడు. లేచి పోతాడేమో అనుకున్నాను. ఆహా, దొంగ దొరికాడని లోపల చంకలు గుద్దుకున్నాను కూడా. చివరికి మెల్లిగా, జేబులో ఉన్న ఎడంచెయ్యి తీసి తువ్వాలు కిందకి పోనిచ్చాడు. తువ్వాలు కొంచెం కదిలింది. ఆగింది. మళ్ళీ ఒక్కసారి కదిలి పూర్తిగా ఆగిపోయింది. సంతల్లో ఎన్నో బేరాలు చూశాను గానీ అంతసేపు కదలని తువ్వాలు చూడలేదు. నాన్న నోట్లో చుట్ట ఆరిపోయింది, ఆయన చూసుకోలేదు. తలొంచుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత చేతులు తీసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఒరే సత్తీ, ఎర్రది నువ్వు తీసుకో. పొట్టిది ఆయనకిచ్చెయ్."

"ఏంటి నాన్నా, ఏం తేలింది?"

"తేలింది. అయితే సమానం అవలేదు, మనమే పైన ఇవ్వాలి." ఏసుపాదం వైపు తిరిగి, "ఆ కట్టుకొయ్య దగ్గరున్న పెయ్యదూడని తోలుకెళ్ళండి. మంచి జాతిది" అన్నాడు.

మామ్మ లోపల్నించి పరిగెత్తుకొచ్చింది. ఆ పెయ్యకి గౌరి అని పేరు పెట్టి, బిడ్డలా సాకుతోంది మరి. "ఒరే నీకేమైనా మతిపోయిందా? ఏమొద్దు మహాప్రభో అన్నవాడికి పిలిచి దూడనిస్తావా? తంబూరాకి పెయ్యదూడా?" అని గుండెలు బాదుకుంది. ఏసుపాదం వద్దండీ వద్దండీ అంటూ వెనక్కి తగ్గాడు. నాన్న వినలేదు, తనే పలుపు విప్పి ఆయన చేతికిచ్చాడు. నాకు బాగా గుర్తు, పలుపు కుడిచేతికే ఇచ్చాడు. ఒక భుజానికి పొట్టిది తగిలించుకుని, సైకిల్ మా అరుగు మీదే వదిలేసి, గౌరిని తోలుకుంటూ గట్టు మీద నడిచిపోయాడు ఏసుపాదం.

ఇక ఆ రోజునించీ మా ఇంట్లో మాటల్లేవు. మామ్మకి నోట్లో నువ్వుగింజ నానదు, వారం తిరిగేసరికి ఊరంతా ఈ కథే. "మా వాడికి ఏదో మందు పెట్టారమ్మా, లేకపోతే ఏంటి?" అని కాలవరేవులో చెప్పుకుని ఏడ్చింది. నా అనుమానం వేరే దారిన పోయింది. ఇద్దరూ కూడబలుక్కున్నారేమో, నాన్నకి ఆయన ఎక్కడో బాకీ ఏమో, నా నెత్తిన పెట్టి తీర్చుకున్నాడేమో. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. ఒకసారి అన్నం దగ్గర అడిగేశాను కూడా. "ఆ రోజు తువ్వాలు కింద నీకెంత ముట్టింది నాన్నా?" నాన్న ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి నా వంక చూశాడు. కోపం రాలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ. "చాలా ముట్టిందిలే" అని మళ్ళీ కలుపుకున్నాడు. ఆ మాటని నేను నా లెక్కలోనే అర్థం చేసుకున్నాను.

ఎర్రది మాత్రం అన్నం పెట్టింది. శ్రావణంలో మొదటి పెళ్ళిలోనే మేస్టారు వెనక్కి తిరిగి చూసి తలూపారు. కీబోర్డ్ కుర్రాడు బేస్ మీట జోలికి పోలేదు. ఆర్కెస్ట్రాలు మూతపడేదాకా, ఆ తర్వాత నేను రాజమండ్రిలో పిల్లలకి నేర్పడం మొదలెట్టాక కూడా అదే నా చేతిలో ఉంది. ఇన్నేళ్ళూ దాని జబ్బు ఎప్పుడు బయటపడుతుందా అని చూస్తూనే ఉన్నాను. తీగ కాస్త గరగరమంటే, అదిగో వచ్చింది అనుకునేవాణ్ణి. చూస్తే గిటార్ మోత పెంచే పెట్టెకి, అదే ఆంప్‌కి, వైరు ఊడి ఉండేది. ఏసుపాదం పెళ్ళిళ్ళలో ఎదురైతే మొహం పక్కకి తిప్పుకునేవాణ్ణి. నాన్న పోయిన రోజు ఆయన వచ్చి, కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే, చూశావా, వీళ్ళిద్దరి మధ్యా ఏదో ఉందని నేను అనలేదూ అనుకున్నాను. అంత పని చేసింది నా బుద్ధి.

ఇదిగో, ఆ ఏసుపాదమే పోయిన నెలలో మా హాల్లో కూర్చున్నాడు. మా ఆవిడ కాఫీ గ్లాసులు అక్కడ పెట్టి వంటింట్లోకెళ్ళింది. కుడిచేత్తో గోనెపట్టా ముడి విప్పుతూ, ఎడంచేత్తో గ్లాసు అందుకున్నాడు ఏసుపాదం. బొటనవేలూ, చూపుడువేలూ, మధ్యవేలూ గ్లాసు పట్టుకున్నాయి. చివరి రెండు వేళ్ళూ పుల్లల్లా బిగుసుకుని దూరంగా నిలబడ్డాయి.

"ఆ వేళ్ళకేమైందండి?" అన్నాను.

నేను వేళాకోళమాడుతున్నాననుకుని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "అదేంటండీ! మీ నాన్నగారు చెప్పలేదాండి?"

మిల్లులో బెల్టు లాగేసిందట. గాయం మానింది గానీ వేళ్ళు వంగడం మానేశాయి. మిల్లువాళ్ళు పన్లోంచి తీసేశారు. మిగిలింది గిటారొక్కటే. పొడుగుదాని మెట్లు మిగిలిన రెండు వేళ్ళకి అందవు, నా పొట్టిదానివైతే అందుతాయి. చెయ్యి పోయిందని తెలిస్తే పెళ్ళికీ పిలవరు, మీటింగుకీ పిలవరు. అందుకని మనిషికో అబద్ధం చెప్పాడు. మేమేమో గిటార్‌ని దారం పట్టి చూశాం, కొట్టి చూశాం, నిమ్మకాయ తిప్పి చూశాం.

"ఈ రెండు వేళ్ళనీ వంచి నొక్కబోయారండి మీ నాన్నగారు. వంగలేదండి. ఇంకోసారి మెల్లిగా తడిమి చూశారండి. ఇంక అంకె ఏం చెప్పలేదండి, చెయ్యంతా దగ్గరకి తీసుకుని అలా పట్టుకుని కూర్చుండిపోయారండి. మిల్లులో పని పోయిన సంగతి ఊహించేసుకున్నారండి, అందుకే పెయ్యనిచ్చారు. మా పిల్లలిద్దరూ ఆ గౌరి పాలు తాగే పెరిగారండి" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "ఊరికి చెప్పకపోయినా కొడుక్కి చెప్పుంటారనుకున్నానండి. పెళ్ళిళ్ళలో నేను కనపడితే మీరు నా చెయ్యి వంక చూడకుండా మొహం తిప్పుకునేవారు కదండీ. ఎంత మర్యాదస్తులో, అచ్చం తండ్రి పోలికే అనుకునేవాణ్ణండి" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది, అంతే. ఇప్పుడు గిటార్ కొనాలంటే ఫోన్లో చూస్తాం, అన్ని వైపుల్నించీ ఫొటోలుంటాయి, వాడినవాళ్ళు రాసిన అభిప్రాయాలుంటాయి. నేనైతే అవన్నీ చదివి, మళ్ళీ నమ్మను. అమ్మేదెవరో, ఎందుకమ్ముతున్నాడో తెలిసే దారే లేదు. నాన్నకి స్వరాలు తెలీవు, మెట్లు తెలీవు. ఆయనకంటే అనుమానపు మనిషిని నేను చూడలేదు. ఆ అనుమానంతోనే రెండో చెయ్యి కూడా పెట్టమన్నాడు. పట్టుకున్నాక మాత్రం అనుమానించలేదు.

ఏసుపాదం ఇప్పుడు వాయించడం మానేశాడు. చర్చిలో మనవరాలు వాయిస్తోందట. "పది వేళ్ళూ ఆడతాయండి దానికి, పొట్టిది సరిపోవట్లేదు" అన్నాడు. ఇదంతా రాసుకోనా అని తర్వాత ఫోన్‌లో అడిగితే, "రాసుకోండి, ఇంకీ చెయ్యి ఎవరు చూస్తే నాకేంటండి" అన్నాడు గానీ, ఆ మధ్యాహ్నానికి మాత్రం అది మా ఇద్దరి మధ్య మాట. గోడ మీంచి ఎర్రది తీసి, తుడిచి, ఆయన ఒళ్ళో పెట్టాను. పొట్టిది తీసుకున్నాను. సమానం అవలేదు. మూడో అంతస్తులో పెయ్యదూడని ఎక్కణ్ణించి తేను? మూలనున్న ఆంప్ కనపడింది, కిందటేడే కొన్నాను. దాని వైరు చుట్టి, ఎత్తి భుజాన పెట్టుకుని, "పదండి, ఆటో దాకా వస్తాను" అన్నాను.

మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. ఖాళీ గోడ చూసింది, నా భుజం మీద ఆంప్ చూసింది.

"ఎర్ర గిటారిచ్చి ఆ పొట్టిదాన్ని తీసుకుంటూ, పైన మనమే ఆంప్ కూడా ఇవ్వడమేంటండీ? అసలేం జరిగింది?"

"మారకం సమానం అవలేదు. మనమే పైన ఇవ్వాలి" అన్నాను.

ఆవిడ నా వంక చూసింది. ఆ రోజు అరుగు మీద నేను నాన్న వంక చూసింది అచ్చం అలాగే.